చిన్న ఋణం – స్వంత లెక్క
(మహిళల ఆర్థిక స్వావలంబనపై ఒక పరిశీలన)

స్త్రీ సంపాదన, స్త్రీ స్వావలంబన అనే రెండు మాటలను మనం తరచు ఒకే అర్థంలో వాడుతూ ఉంటాము. కాని కొంచెం ఆలోచించి చూస్తే వీటి నడుమ చాలా దూరం ఉన్నదని తెలుస్తుంది. ఉదయం నుండి సాయంత్రం వరకు కష్టపడి సంపాదించిన కూలి డబ్బును ఇంటికి తెచ్చి మరొకరి చేతిలో పెట్టి, తన మందుబిళ్లకు కూడా మళ్ళీ వారినే అడగవలసిన స్త్రీకి సంపాదన ఉన్నది గాని స్వావలంబన లేదు. అట్లే తన పేరున బ్యాంకులో ఋణం మంజూరై, ఆ సొమ్ము ఎంత, దేనికి ఖర్చయినది, ఇంకెంత బాకీ ఉన్నది అన్న సంగతి తెలియని స్త్రీకి అప్పు ఉన్నది గాని ఆధారం లేదు. శిక్షణ, చిన్న ఋణం అనే రెండు సాధనాలు స్త్రీకి నిజంగా ఎప్పుడు తోడ్పడతాయి, ఎప్పుడు ఆమెనే చుట్టుకొంటాయి అన్న విషయాన్ని మన పరిసరాల అనుభవాల వెలుగులో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జీడిమెట్ల పరిసరాలు

జీడిమెట్ల పేరు చెప్పగానే మనకు పారిశ్రామికవాడ గుర్తుకు వస్తుంది. బాలానగరులోని ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం, చింతల్ వద్ద హెచ్.ఎం.టి. యంత్రాల కర్మాగారం ఒక కాలంలో ఈ ప్రాంతానికి ఉపాధి ద్వారాలు. వాటి చుట్టూ, వాటి తరువాత వందలాది చిన్న పరిశ్రమలు వెలిశాయి. పని వెదుకుకొంటూ జిల్లాల నుండి, ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కుటుంబాలతో షాపూర్ నగర్, సూరారం, గాజులరామారం, జగద్గిరిగుట్ట బస్తీలు నిండిపోయాయి. పెద్ద కర్మాగారాలలో స్థిరమైన ఉద్యోగాలు ఎక్కువగా పురుషులకే దక్కాయి. స్త్రీలకు దొరికినవి ప్యాకింగు పనులు, కాంట్రాక్టు కూలి, ఇళ్ళలో పాచిపని, ఇంటివద్ద కుట్టుపని, జర్దోజీ, పచ్చళ్ళు, అప్పడాలు.

ఈ పనులన్నిటిలో ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. పని స్త్రీది, ముడిసరుకు, ధర, గిరాకీ మధ్యవర్తివి. గుడ్డ, జరీ తెచ్చి ఇచ్చేవాడు ఎంత మజూరీ ఇస్తానంటే అంతకే ఆమె ఒప్పుకోవాలి. ముడిసరుకు తానే కొనుక్కోగలిగే కొద్దిపాటి పెట్టుబడి ఉంటే ఆ బంధం సడలుతుంది. చిన్న ఋణం యొక్క అసలు ప్రయోజనం ఇక్కడే ఉన్నది.

శిక్షణ నుండి ఆరంభం

మన నగరంలో ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. హైదరాబాదు నగరపాలక సంస్థ 1967లో పట్టణ సమాజాభివృద్ధి పథకాన్ని ప్రారంభించింది. బస్తీవాసులకు మేలు చేసిపెట్టడం కంటె, వారు తమ అవసరాలను తామే గుర్తించి, తమ వంతు శ్రమను, ధనాన్ని చేర్చి పనులు సాధించుకొనేటట్లు చేయడం ఆ పథకం పద్ధతి. మహిళా మండలులు, బాలవాడులు, కుట్టుపని తరగతులు ఆ విధంగా బస్తీలలో వెలిశాయి. 1978లో జంటనగరాల యువతకు ఉపాధి శిక్షణ ఇచ్చే ఉద్దేశంతో సెట్విన్ సంస్థ ఏర్పడింది. దాని కేంద్రాలలో కుట్టుపని, టైపు వంటి విద్యలు నేర్చినవారు వేలల్లో ఉన్నారు.

శిక్షణ అంటే చేతిపని నేర్పడం మాత్రమే కాదన్న సత్యం కూడా మన తెలుగు నేలమీదనే ఒకమారు రుజువైనది. 1964లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలసి అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ కాకినాడ వ్యాపారులకు ప్రత్యేక శిక్షణ ఏర్పాటు చేశారు. అక్కడ నేర్పినది ఏ వృత్తివిద్యా కాదు. లక్ష్యాన్ని తానే నిర్ణయించుకోవడం, దానికి కావలసిన సాహసాన్ని లెక్కవేసి చేయడం, ఫలితాన్ని తానే కొలుచుకోవడం నేర్పారు. ఆ శిక్షణ పొందినవారు పొందనివారికంటె ఎక్కువగా కొత్త ప్రయత్నాలు చేపట్టారని పరిశోధకులు గమనించారు.

ఈ దృష్టితో చూస్తే మన కుట్టుపని తరగతుల లోపం అర్థమవుతుంది. ఆరునెలలు నేర్చి, పరీక్ష ప్యాసై, సర్టిఫికెటు తీసుకొన్న యువతి ఇంటికి వెళ్ళాక ఆమెకు మిషను ఉండదు. మిషను ఉన్నా గుడ్డ కొనే డబ్బు ఉండదు. గుడ్డ ఉన్నా ఒక జాకెట్టుకు దారం, బొత్తాలు, కరెంటు, తన శ్రమ కలిపి ఎంత పడినదో లెక్క కట్టడం ఆమెకు ఎవరూ నేర్పి ఉండరు. అందుచేత పొరుగువారు ఇచ్చినంత పుచ్చుకొంటుంది. నష్టానికి కుడుతున్నానని ఏడాది తరువాత గాని గ్రహించదు.

వడ్డీ లెక్క

శిక్షణ తరువాత కావలసినది పెట్టుబడి. 1969 జూలై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులు జాతీయం అయిన తరువాత పేదలకు కూడా బ్యాంకు తలుపులు తెరవాలన్న ఆలోచన బలపడింది. 1972లో బలహీనవర్గాలకు నూటికి సాలుకు 4 రూపాయల వడ్డీతో ఋణాలు ఇచ్చే పథకం వచ్చింది. హైదరాబాదు బస్తీలలో సమాజాభివృద్ధి కార్యకర్తలు ఇటువంటి ఋణాలకోసం పేదలను బ్యాంకులతో కలిపే పని కూడా చేశారు. అయినప్పటికీ హామీ, కాగితాలు, తిరుగుడు అనే మూడు అడ్డంకులు దాటి బ్యాంకు దాకా పోగలిగిన స్త్రీలు కొద్దిమందే. తక్కినవారికి దిక్కు వడ్డీవ్యాపారి.

వడ్డీని మన ఇళ్ళలో నెలకు నూటికి ఇన్ని రూపాయలు అని చెప్పుకొంటాము. ఈ మాటలో ఒక మాయ ఉన్నది. "నూటికి రెండు రూపాయలే కదా" అని తేలికగా అనుకొన్నది సాలుకు 24 శాతం. నూటికి అయిదు అంటే సాలుకు 60 శాతం. పావలా వడ్డీ అంటే నెలకు నూటికి 25 పైసలు, సాలుకు 3 శాతం.

మరొక మాయ వారం వాయిదాలలో ఉన్నది. ఉదాహరణకు ఒక స్త్రీ 10,000 రూపాయలు తీసుకొన్నదనుకొందాము. వడ్డీ 15 శాతం అని చెప్పి, మొత్తం 11,500 రూపాయలను 50 వారాలలో, వారానికి 230 చొప్పున కట్టమన్నారు. పైకి ఇది 15 శాతమే. కాని మొదటి వారం నుండే ఆమె అసలును కూడా తీరుస్తూ వస్తున్నది. ఏడాది పొడవునా ఆమె వద్ద సగటున ఉన్నది సుమారు 5,000 రూపాయలే. ఆ అయిదువేలకు ఆమె కట్టిన వడ్డీ 1,500. అనగా అసలు వడ్డీ 30 శాతానికి దగ్గరగా ఉన్నది. ఈ చిన్న లెక్క చేయగలిగిన స్త్రీ ఏ కాగితంపై సంతకం చేయాలో, ఏ కాగితాన్ని వెనక్కు నెట్టాలో తానే నిర్ణయించుకోగలదు.

పొదుపు సంఘం పుట్టుక

చిన్న ఋణాన్ని స్త్రీల చేతిలోనికి తెచ్చిన గొప్ప మార్పు మన తెలుగునాట నెల్లూరు జిల్లాలో ఆరంభమైనది. అక్షరాస్యతా ఉద్యమం కోసం నడిపిన రాత్రి పాఠశాలలలో స్త్రీలు అక్షరాలతోపాటు తమ కష్టాలను కూడా చర్చించుకొన్నారు. దూబగుంట గ్రామంలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. దూబగుంట రోశమ్మ పేరు ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. సారా దుకాణానికి పోయే డబ్బులో రోజుకొక్క రూపాయి దాచుకొందాము అనే సంకల్పం నుండి "పొదుపు లక్ష్మి" సంఘాలు పుట్టాయి. దాదాపు అదే కాలంలో, 1992లో, నాబార్డు ఇటువంటి స్వయంసహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగాన్ని 500 సంఘాల లక్ష్యంతో చేపట్టింది. ఈ రెండు పాయలు కలసి తెలుగునాట మహోద్యమంగా మారాయి. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ గ్రామాలలోను, 2007లో ఏర్పడిన మెప్మా పట్టణాలలోను సంఘాలకు అండగా నిలిచాయి. కుత్బుల్లాపూరు పురపాలక సంఘం 2007లో జి.హెచ్.ఎం.సి.లో విలీనమైన తరువాత జీడిమెట్ల పరిసరాల బస్తీ సంఘాలు ఆ సంస్థ సమాజాభివృద్ధి విభాగం పరిధిలోకి వచ్చాయి.

సంఘం పనిచేసే తీరు సులభమైనది. పదిమంది నుండి పదిహేనుమంది స్త్రీలు ఒక సంఘంగా ఏర్పడతారు. దానికి అయిదు నియమాలు. వాటినే పంచసూత్రాలు అంటారు. క్రమం తప్పక సమావేశం కావడం, క్రమం తప్పక పొదుపు చేయడం, ఆ పొదుపు నుండి సభ్యులకు అప్పు ఇవ్వడం, తీసుకొన్నది సకాలంలో తీర్చడం, అన్నిటికీ పుస్తకాలు వ్రాయడం. పదిహేనుమంది నెలకు 100 రూపాయల చొప్పున వేస్తే ఏడాదికి 18,000 రూపాయలు అవుతుంది. దానిని తమలో తాము నూటికి రూపాయి వడ్డీతో త్రిప్పుకొంటే, వడ్డీవ్యాపారి పెట్టెలోకి పోవలసిన సొమ్ము తమ సంఘంలోనే పెరుగుతుంది. ఆరునెలలు ఇట్లా నడచిన సంఘాన్ని చూసి బ్యాంకు ముందుకు వస్తుంది. ఆస్తి హామీ అడగదు. పదిహేనుమంది పరస్పర విశ్వాసమే అక్కడ హామీ.

పై నియమాల క్రమాన్ని పాఠకులు గమనించాలి. మొదట పొదుపు, తరువాత అప్పు. తన డబ్బును పదిమంది ముందు లెక్కపెట్టి జమచేయడం అలవాటైన స్త్రీకి, ఆ తరువాత వచ్చిన బ్యాంకు డబ్బును లెక్కపెట్టడం కష్టం కాదు.

2010 నేర్పిన పాఠం

క్రమం తలక్రిందులైతే ఏమవుతుందో 2010లో మన రాష్ట్రం చూచింది. బంగ్లాదేశ్‌లో 1976లో జోబ్రా గ్రామంలో మహమ్మద్ యూనస్ ఆరంభించిన ప్రయోగం 1983లో గ్రామీణ బ్యాంకుగా రూపొంది, 2006లో నోబెల్ శాంతి బహుమతి పొందిన సంగతి సుప్రసిద్ధం. ఆ నమూనాను చూపి మన రాష్ట్రంలో అనేక సూక్ష్మఋణ సంస్థలు వెలిశాయి. లాభార్జన కంపెనీలుగా మారిన సంస్థలు వేగంగా విస్తరించాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఎస్.కె.ఎస్. సంస్థ 2010లో తన వాటాలను ప్రజలకు విక్రయించింది. ఇక్కడ పొదుపు లేదు, ఋణమే ఆరంభం. ఒక్కొక్క స్త్రీ ఒకదాని వాయిదా కట్టడానికి మరొక దానివద్ద అప్పు తీసుకొన్నది. ఒకరు కట్టలేకపోతే తక్కినవారిని కదలనీయకపోవడం, ఇంటిముందు కూర్చొని అవమానించడం వంటి వసూలు పద్ధతులపై ఆరోపణలు వెల్లువెత్తాయి. ఆత్మహత్యల వార్తలు పత్రికలలో వచ్చాయి. 2010 అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, డిసెంబరులో దానిని చట్టం చేసింది. సంస్థలు తప్పక నమోదు కావాలని, వడ్డీ మొత్తం అసలును మించరాదని నిర్దేశించింది.

విచిత్రమేమంటే, సంఘాలలోను, ఈ కంపెనీల వద్దను అప్పు తీసుకొన్నవారు చాలావరకు ఆ స్త్రీలే. ఇచ్చినదీ చిన్న మొత్తమే. పరస్పర హామీ పద్ధతి కూడా ఒకటే. భేదం ఒక్కటి. సంఘంలో వడ్డీని, వాయిదాను, ఎవరికి ముందు ఇవ్వాలి అన్న వరుసను స్త్రీలు కూర్చొని తీర్మానించారు. పుస్తకం వారి వద్దనే ఉన్నది. రెండవచోట అన్నీ మరొకరు నిర్ణయించారు. పుస్తకం కూడా వారిదే. మొదటిచోట విశ్వాసంగా పనిచేసిన పరస్పర హామీ రెండవచోట ఉరిత్రాడైనది.

అయితే స్త్రీలు అంత వడ్డీకి ఎందుకు పోయారు అన్న ప్రశ్నను కూడా దాటవేయరాదు. జబ్బు చేసినప్పుడు, బడి ఫీజు కట్టవలసినప్పుడు బ్యాంకు నెలలు పట్టించుకొంటే, వారు మరునాడే ఇచ్చారు. ఈ సత్యాన్ని గుర్తించిన ఫలితమే 2011లో సంఘాల భాగస్వామ్యంతో ఏర్పడిన స్త్రీనిధి సహకార సంస్థ. సెల్‌ఫోను ద్వారా దరఖాస్తు చేసికొన్న సభ్యురాలికి 48 గంటలలో అప్పు అందించడం దాని ఆశయం. రిజర్వు బ్యాంకు కూడా 2022 మార్చిలో ఒక నియమం చేసింది: ఒక కుటుంబం నెలనెలా కట్టే అప్పుల వాయిదాలన్నీ కలిపి ఆ కుటుంబ నెల ఆదాయంలో సగాన్ని మించరాదు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు 2010 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. కనుక వారం వాయిదాల కాగితం మన బస్తీ గడపకు మళ్ళీ వచ్చే అవకాశం ఉన్నది. పైన చెప్పిన వడ్డీ లెక్క గడిచిపోయిన కథ కాదని గ్రహించాలి.

వడ్డీ లేని ఋణం

మన కళాశాల విద్యార్థుల కుటుంబాలలో వడ్డీ విషయమై మతపరమైన అభ్యంతరం కలవారు ఎందరో ఉన్నారు. వారికి ఇటువంటి సంఘాలలో చోటు లేదా అన్న సందేహం సహజం. దీనికి సమాధానం హైదరాబాదు చరిత్రలోనే ఉన్నది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నుండే ఈ నగరంలో వడ్డీ లేని ఋణ సంఘాలు పనిచేశాయని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించిన సుప్రసిద్ధ పండితులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1955లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. సభ్యుల సొమ్ము ఒకచోట చేరి, అవసరమైనవారికి అసలు మాత్రమే తిరిగి ఇచ్చే షరతుపై అందేది.

తమ పొదుపు నుండి తమలో తాము ఇచ్చుకొనే అప్పుకు వడ్డీ ఎంత, అసలు వద్దా అన్నది సంఘం తీర్మానం పైననే ఆధారపడి ఉంటుంది. పుస్తకాల ఖర్చు మాత్రం సభ్యులందరు సమంగా పంచుకొని, వడ్డీ లేకుండా నడుపుకోవడానికి అడ్డు ఏమీ లేదు. అయితే ప్రభుత్వం 2012 నుండి అమలు చేసిన "వడ్డీ లేని ఋణాలు" వేరు. అందులో బ్యాంకు వడ్డీ వేస్తుంది. సకాలంలో వాయిదాలు కట్టిన సంఘం తరపున ప్రభుత్వం ఆ భారం వహిస్తుంది. ఈ భేదం తెలిసికొని ఎవరి మనస్సాక్షి ప్రకారం వారు నిర్ణయించుకోవడం మంచిది.

సరుకు అమ్ముడయ్యే దారి

శిక్షణ, పెట్టుబడి ఉన్నా సరుకు అమ్ముడు కాకపోతే అప్పు మిగులుతుంది. ఒకే వీధిలో ఇరవైమందికి కుట్టుపని నేర్పి ఇరవై మిషన్లు ఇప్పిస్తే, ఆ వీధిలో జాకెట్టు మజూరీ పడిపోతుంది. కనుక వేర్వేరు పనులు ఎన్నుకోవడం, లేదా అందరు కలసి పెద్ద గిరాకీని పట్టడం అవసరం. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మేడమీద అప్పడాలు ఒత్తడం ప్రారంభించారు. అదే లిజ్జత్ పాపడ్. ప్రతి పనిమనిషీ అక్కడ యజమానురాలే. ఇంటివద్ద ఒత్తిన అప్పడం ఒక్క పేరుతో, ఒక్క నాణ్యతతో బజారుకు వెళ్ళడమే వారి విజయ రహస్యం.

మన పొరుగునే మరొక దృష్టాంతం ఉన్నది. 1993లో కె. రమాదేవి నాయకత్వంలో మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఎలీప్ ఏర్పడింది. జీడిమెట్లను ఆనుకొని ఉన్న గాజులరామారం వద్ద మహిళల కోసమే ఒక పారిశ్రామికవాడను అది నెలకొల్పింది. షెడ్డు, కరెంటు, శిక్షణ, బ్యాంకుకు నివేదిక తయారు చేయడంలో సహాయం, ఇవన్నీ ఒకచోట చేరడం వలన ఇంటి వసారాలో ఆగిపోయే పని కర్మాగారం స్థాయికి ఎదిగే వీలు కలిగింది. వసారాకు, కర్మాగారానికి మధ్య మెట్లు లేకపోతే మన బస్తీ స్త్రీలు ఎప్పటికీ మొదటి మెట్టునే ఉండిపోతారు.

పుస్తకం ఎవరి చేతిలో?

ఇంతవరకు చెప్పినదంతా ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నది. లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉన్నది? 1996లో బంగ్లాదేశ్ స్త్రీల ఋణాలపై ఆన్ మేరీ గెట్జ్, రీనా సేన్ గుప్తా జరిపిన పరిశీలనలో, స్త్రీల పేరున ఇచ్చిన అప్పులలో పెద్ద భాగంపై వారికి పూర్తి అదుపు లేదని, ఇంటి మగవారే వాడుకొన్నారని తేలింది. బాకీ మాత్రం స్త్రీదే. మరొక ప్రక్క అహమ్మదాబాదు చూడండి. ఇలా భట్ 1972లో స్థాపించిన సేవా సంఘానికి చెందిన నాలుగువేలమంది శ్రామిక స్త్రీలు తలా పది రూపాయల వాటాతో 1974లో స్వంత బ్యాంకు పెట్టుకొన్నారు. సంతకం రాని సభ్యురాలి ఖాతాకు ఆమె ఛాయాచిత్రాన్ని గుర్తుగా జతచేశారు. చదువు రాకపోవడం ఖాతాకు అడ్డు కాకూడదన్నది వారి నిశ్చయం.

మన ప్రాంతంలో ఈ సమస్యకు మరొక కోణం ఉన్నది. సంఘాల పుస్తకాలు తెలుగులో ఉంటాయి. సభ్యులలో అనేకులు ఉర్దూ మాత్రమే చదవగలరు. కొందరు అదీ చదవలేరు. అప్పుడు వ్రాసేవారి మాటే వేదమవుతుంది. వ్రాసేవారు మంచివారైతే సరే. కాకపోతే ఏళ్ళ పొదుపు ఒక్క పేజీలో కనబడకుండా పోవచ్చు. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయినది. కాని ఆ గౌరవం బస్తీ సంఘం పాసుపుస్తకం దాకా రావాలంటే చట్టంతోపాటు చదువుకొన్నవారి సాయం కావాలి.

ఇక్కడనే మన కళాశాలకు ఒక పని ఉన్నది. రెండు భాషలు వచ్చిన విద్యార్థులు ఇంతమంది ఒకచోట మరెక్కడ దొరుకుతారు? కళాశాల పాలక సంఘంవారు శనివారం మధ్యాహ్నం రెండు గదులు ఇచ్చి, కామర్సు విద్యార్థినులు పది వారాలు వెచ్చిస్తే, చుట్టుప్రక్కల సంఘాల స్త్రీలకు నాలుగు విషయాలు నేర్పవచ్చు: జమ, ఖర్చు వ్రాయడం, నూటికి ఇంత అన్న వడ్డీని సాలుకు మార్చి చూడడం, తాము చేసిన వస్తువు ఖర్చు కట్టడం, బ్యాంకు కాగితంలో అంకెలున్న చోటును చదవడం. ప్రతి సంఘంలో లెక్క వ్రాయగలవారు ఒక్కరు కాక ఇద్దరు ఉండేటట్లు చూడాలి. ఒకరు తెలుగులో వ్రాస్తే మరొకరు ఉర్దూలో చదివి వినిపించాలి. దీనికి భారీ నిధులు అక్కరలేదు. నేర్పేవారికి కూడా ఇది పాఠ్యపుస్తకంలో దొరకని విద్య.

స్త్రీకి ఋణం ఇప్పించడం మంచిపనే. ఆ ఋణపు లెక్కను ఆమె తన ఇంటిలో, తన భాషలో, తన వేలితో చూపుతూ చదువుకోగలిగేటట్లు చేయడం అంతకంటె మంచిపని. మొదటిది బ్యాంకులు, ప్రభుత్వం చేయగలవు. రెండవది మనమే చేయవలసి ఉన్నది.